పెరుగన్నం, పేగులు, ఆటిజం

రెండు నెలల కిందట ఓ శనివారం పొద్దున్నే మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయికి నాలుగేళ్ళు. నిరుడు ఆటిజం అని తేల్చారు. వాడు తినేవి మూడే మూడు: పెరుగన్నం, చపాతీ, ఒక రకం బిస్కెట్లు. ఇప్పుడా మూడిటి మీదా వేటు పడింది.

"ఒరేయ్, పాలూ పెరుగూ మాన్పించేశాం. గోధుమ కూడా. అసలు గొడవంతా పేగుల్లో బ్యాక్టీరియాదేనట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పేగుల్లోంచి బ్యాక్టీరియా తీసి వీడికెక్కిస్తే మాటలొస్తాయని ఒకాయన గట్టిగా చెప్తున్నాడు. ఇక్కడ కుదరదు, వేరే దేశం వెళ్ళాలి. నువ్వు అన్నీ చదువుతుంటావుగా, ఏమంటావు?"

నేనేమంటాను? నేను డాక్టర్ని కాదు. ఇంజినీరింగ్ చదివి జావా రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే నాకో జబ్బుంది. ప్రొడక్షన్లో ఏ లైనైనా తేడా కొడితే, ముందు ఆ లైను ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ బగ్ కోసం రాశారు అని పాత హిస్టరీ అంతా తవ్వుతాను. అన్నయ్య చెప్పిన మాటకి కూడా అదే చేశాను. ఈ "పేగులు పాడైతే బుర్ర పాడవుతుంది" అన్న లైను మొదట ఎవరు రాశారు?

తవ్వుకుంటూ పోతే పారిస్‌లో తేలాను. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలీ మెచ్నికాఫ్ అని ఓ పెద్దాయన. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈయనకి పెద్దపేగంటే పరమ అసహ్యం. అది మనకి అక్కర్లేని అవయవమనీ, అందులో తిండి కుళ్ళి, ఆ విషం ఒంట్లోకి ఎక్కి మనిషిని ముసలివాణ్ణి చేస్తుందనీ ఆయన వాదన. దీనికి అప్పట్లో ఆటో ఇంటాక్సికేషన్ అని పేరు, అంటే మన విషం మనకే ఎక్కడం అన్నమాట. మరి విరుగుడేమిటి? పెరుగు! బల్గేరియా పల్లెల్లో జనం పుల్లటి పెరుగు తిని నూరేళ్ళు బతుకుతున్నారని 1900ల మొదట్లో ఉపన్యాసాలిచ్చాడు, 1907లో పుస్తకం రాశాడు, తనూ రోజూ తాగాడు. 1916లో 71 ఏళ్ళకి పోయాడు. నూరేళ్ళ లెక్క కుదరలేదు పాపం.

ఆ పెరుగు మా బామ్మకి చెబితే "ఇది చెప్పడానికి నోబెల్ దాకా ఎందుకురా" అనేది. అయితే ఇక్కడో తమాషా గమనించండి. 1907లో పేగుల్ని బాగుచేసే మందు పెరుగు. వందేళ్ళు తిరిగేసరికి అదే పేగుల పేరు చెప్పి మా అన్నయ్య కొడుకు కంచంలోంచి తీసేసింది కూడా పెరుగే.

మెచ్నికాఫ్ పెరుగుతో ఆగాడు. తరవాతి వాళ్ళు కత్తి పట్టుకున్నారు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే పేరున్న సర్జన్ మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగు కోసేసేవాడు. ఇక అట్లాంటిక్‌కి ఇవతల హెన్రీ కాటన్ అని ఇంకో మహానుభావుడు. 1907 నుంచి న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలకి అధిపతి. (మా అన్నయ్య ఉండే ఎడిసన్ నుంచి కారులో గంట కూడా పట్టదు.) పిచ్చి అనేది ఒంట్లో ఎక్కడో నక్కిన ఇన్‌ఫెక్షన్ వల్లే వస్తుందని ఆయన నమ్మకం. ముందు రోగుల పళ్ళు పీకాడు. తగ్గకపోతే టాన్సిల్స్. అప్పటికీ తగ్గకపోతే పెద్దపేగు. నూటికి 85 మందికి నయమైందని చెప్పుకున్నాడు. పేపర్లు ఆకాశానికెత్తాయి, బంధువులు తమవాళ్ళని తీసుకొచ్చి క్యూ కట్టారు. పేగు ఆపరేషన్లో నూటికి ముప్పై మంది దాకా చచ్చిపోతున్నారని ఆయన లెక్కలే చెప్పాయి.

కాటన్ మోసగాడనుకుంటే పొరపాటు. తన సొంత కొడుకులిద్దరికీ కూడా ముందుజాగ్రత్తగా పళ్ళు పీకించాడు. అంత నమ్మకం! నాకు మోసగాళ్ళకన్నా ఇలాంటి వాళ్ళంటేనే ఎక్కువ భయం.

1924లో ఆయన గురువు, జాన్స్ హాప్కిన్స్‌లో మానసిక వైద్యానికి పెద్ద అయిన అడాల్ఫ్ మేయర్, విషయం తేల్చమని ఫిలిస్ గ్రీనేకర్ అనే డాక్టరమ్మని ట్రెంటన్‌కి పంపాడు. ఆవిడ ఒక్కొక్క రోగినీ వెతికి పట్టుకుని చూసింది. 85 శాతం లేదు, ఏమీ లేదు. ఎక్కువ వైద్యం జరిగినవాళ్ళే ఎక్కువ దెబ్బతిన్నారు. రిపోర్టు రాసిచ్చింది. మేయర్ దాన్ని బయటపెట్టలేదు. శిష్యుడి పరువు అనుకున్నాడో ఏమో గానీ, ఆపరేషన్లు కొనసాగాయి.

ఈ మేయర్ మళ్ళీ మన కథలో వస్తాడు. పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేకంగా ఓ విభాగం పెట్టాలని 1930లో హాప్కిన్స్‌లో లియో కానర్‌కి బాధ్యత అప్పగించినవాళ్ళలో ఆయనొకడు. ఆ కానరే 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి, ఆటిజం అనే దానికి మొదటి స్పష్టమైన రూపం ఇచ్చాడు. ఆ పేపర్ చదివితే ఒక విషయం కళ్ళబడుతుంది. ఆ పిల్లల్లో సుమారు సగం మందికి పుట్టినప్పటినుంచీ తిండి దగ్గర పెద్ద పేచీ. తినరు, కక్కుతారు. కానర్ దాన్ని పేగుల సమస్యగా చూడలేదు. బయటి ప్రపంచాన్ని లోపలికి రానివ్వకపోవడంలో అదీ ఒక భాగమనుకున్నాడు. అంటే పొట్టకీ ఆటిజానికీ ఏదో ఉందన్న సంగతి మొదటిరోజు నుంచీ కాగితం మీద ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నదే ప్రశ్న.

తరవాత ఇరవై ఏళ్ళూ ఆ ప్రశ్న అడిగిన వాళ్ళు లేరు, ఎందుకంటే అందరూ తల్లుల్ని తిట్టే పనిలో ఉన్నారు. తల్లి మనసు ఫ్రిజ్‌లా చల్లగా ఉండబట్టే బిడ్డ ఇలా అయ్యాడన్న సిద్ధాంతం. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దీనిమీద ఓ లావుపాటి పుస్తకమే రాశాడు. దీన్ని కొట్టిపారేసిన మొదటి మనిషి బెర్నార్డ్ రిమ్లాండ్. అమెరికా నేవీలో సైకాలజిస్టు, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి. 1964లో ఆయన పుస్తకం వచ్చింది: ఇది శరీరానికి సంబంధించిన సంగతి, పెంపకానిది కాదు. 1977లో లండన్‌లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ 21 జతల కవలల్ని చూశారు. ఒకే పోలిక కవలలు 11 జతలుంటే నాలిగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. మామూలు కవలలు పది జతల్లో ఒక్కదాంట్లోనూ లేదు. చిన్న సంఖ్యలే, కానీ జన్యువుల దారి అక్కడ తెరుచుకుంది. తరవాత వచ్చిన పెద్ద అధ్యయనాలు దాన్ని బలపరుస్తూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచించండి. ముందు "తప్పు నీదే" అన్నారు. తరవాత "జన్యువులు, చేసేదేం లేదు" అన్నారు. సరిగ్గా అప్పుడు మూడో మనిషి వచ్చి "పేగుల్లో ఉంది, మార్చొచ్చు" అంటే ఎంత హాయిగా ఉంటుంది! జన్యువుల్ని మార్చలేం, కంచంలో అన్నం మార్చగలం. ఈ ఊహకి అంత బలం ఎక్కడిదీ అంటే నాకు కనిపించిన జవాబిదే.

పెరుగు మాన్పించే కథ 1979లో మొదలైంది. జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త, నల్లమందు లాంటివి ఎక్కించిన జంతువుల తీరుకీ ఈ పిల్లల తీరుకీ పోలిక ఉందన్నాడు. నార్వేలో కాలే రైఖెల్ట్ దాన్ని ఇంకో అడుగు ముందుకి లాగాడు: పాలలోని కేసిన్, గోధుమలోని గ్లూటెన్ సరిగ్గా అరగక నల్లమందు లాంటి ముక్కలై, పేగు గోడలోంచి కారి మెదడుకెక్కుతున్నాయని. వినడానికి చక్కగా ఉంది. కానీ 2008లో లండన్ పరిశోధకులు మంచి పరికరాలతో పిల్లల మూత్రంలో ఆ ముక్కల కోసం వెతికితే దొరకలేదు. అంతకుముందు 2006లో అమెరికాలో పదిహేను మంది పిల్లల మీద ఒక పరీక్ష జరిగింది. ఏ వారం ఏ తిండి పెడుతున్నారో తల్లిదండ్రులకీ తెలియదు, చూసేవాళ్ళకీ తెలియదు. కొలతల్లో తేడా రాలేదు. కొందరు తల్లిదండ్రులు మాత్రం తేడా కనిపించిందని చెప్పారు.

ఈ ఆఖరి వాక్యం గుర్తుపెట్టుకోండి. దీని విశ్వరూపం సెక్రెటిన్ కథలో చూస్తాం.

సెక్రెటిన్ అంటే చిన్నపేగు తయారుచేసే హార్మోన్. 1902లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టారు. క్లోమగ్రంథి పనితీరు చూసే పరీక్షలో దీన్ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. 1990లలో అమెరికాలో ఒక అబ్బాయికి విరేచనాలు తగ్గక ఆ పరీక్ష చేశారు. తరవాత పొట్ట బాగుపడింది, మాటలు కూడా వచ్చాయని తల్లి చెప్పింది. 1998లో మేరీల్యాండ్ యూనివర్సిటీ నుంచి కారోలీ హోర్వాత్ బృందం అలాంటి ముగ్గురు పిల్లల గురించి పేపర్ వేసింది. ఆ అక్టోబర్లో టీవీలో వచ్చింది. ఇక చూస్కోండి, మందు దొరకలేదు, ధరలు కొండెక్కాయి. పంది పేగుల్లోంచి తీసిన మందు కోసం వేలమంది వెతుక్కున్నారు.

1999 డిసెంబర్లో అసలు పరీక్ష ఫలితం వచ్చింది. ఏడ్రియన్ శాండ్లర్ బృందం 56 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి సెక్రెటిన్, ఇంకో గుంపుకి ఉప్పునీళ్ళు ఎక్కించింది. నాలుగు వారాలు చూసింది. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి! ఉప్పునీళ్ళ గుంపు ఏమీ వెనకబడలేదు. పిల్లాడికి ప్లాసిబో అంటే ఏమిటో తెలీదు కదా, మరి ఎలా పనిచేసింది? పనిచేసింది పిల్లాడి మీద కాదు, చూసేవాళ్ళ కళ్ళ మీద. దాంతోపాటు పిల్లలు ఎలాగూ నెలనెలా కొంత ఎదుగుతారు, బాగా లేని రోజుల్లో మందు మొదలుపెడితే తరవాతి రోజులు ఎలాగూ కాస్త మేలుగానే ఉంటాయి. సర్వర్ రీస్టార్ట్ చేశాక సమస్య పోయిందంటే రీస్టార్ట్ వల్లే పోయిందని గ్యారంటీ ఏమీ లేదని మనకి తెలుసు. అయినా ప్రతిసారీ నమ్ముతాం.

ఈ పేపర్లో నన్ను కుదిపేసింది మాత్రం ఇంకో అంకె. మందుకీ ఉప్పునీళ్ళకీ తేడా లేదని చెప్పాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు మా పిల్లలకి సెక్రెటిన్ మీద ఇంకా ఆసక్తి ఉందన్నారు. మొదటిసారి చదివినప్పుడు "ఏం జనంరా బాబూ" అనుకున్నా. అన్నయ్య ఫోన్ తరవాత మళ్ళీ చదివితే అలా అనాలనిపించలేదు.

అదే 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పన్నెండు మంది పిల్లలతో పేపర్ వేసి, ఆటిజం, పేగుల వాపు, తట్టు టీకా మూడిటినీ ముడిపెట్టాడు. ఆ గొడవ అందరికీ తెలిసిందే. బ్రయన్ డీర్ అనే జర్నలిస్టు 2004 నుంచి తవ్వి బయటపెట్టాడు, 2010లో లాన్సెట్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకుంది, అదే ఏడు ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. ఆ ఒక్క మనిషి వల్ల జరిగిన ఇంకో నష్టం గురించి తక్కువమంది మాట్లాడతారు. ఈ పిల్లల పొట్టనొప్పి గురించి నిజాయితీగా పని చేద్దామనుకున్న డాక్టర్లని కూడా కొన్నేళ్ళపాటు అనుమానంగా చూశారు.

నాకు అన్నిటికన్నా నచ్చిన మనిషి ఎలెన్ బోల్టే. డాక్టరు కాదు, ఓ తల్లి. ఆవిడ కొడుక్కి చెవి ఇన్‌ఫెక్షన్ అని వరసగా యాంటీబయాటిక్స్ ఇచ్చారు. విరేచనాలు పట్టుకున్నాయి, తరవాత పిల్లాడు మాటామంతీ మానేశాడు. ఆవిడ లైబ్రరీల వెంటపడి చదివి, మంచి బ్యాక్టీరియా చచ్చాక ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం జాతిది ఏదో పెరిగి విషం వదులుతోందని ఊహించి, 1998లో స్వయంగా పేపర్ రాసింది. చికాగో డాక్టర్ రిచర్డ్ శాండ్లర్ (ఇందాకటి శాండ్లర్ వేరు, నేనూ మొదట ఒకడే అనుకున్నా), లాస్ ఏంజెలెస్‌లో బ్యాక్టీరియా శాస్త్రవేత్త సిడ్నీ ఫైన్‌గోల్డ్ ముందుకొచ్చారు. వాళ్ళు ఎంచుకున్న మందు చూడండి: వాంకోమైసిన్. నోటిద్వారా ఇస్తే అది పేగుల్లోనే ఉండిపోతుంది, రక్తంలోకి దాదాపు వెళ్ళదు. కాబట్టి ప్రవర్తన మారితే, ఆ మార్పు పేగుల దగ్గరే మొదలై ఉండాలి. ఇంత అందమైన డీబగ్గింగ్ నేను మా ఆఫీసులో చూడలేదు :)

2000లో ఫలితం వచ్చింది. పదకొండు మంది పిల్లలు. వీడియోలు ముందువో తరవాతవో చెప్పకుండా ఒక నిపుణుడికి చూపిస్తే, పదిమందిలో ఎనిమిదిమంది మెరుగయ్యారన్నాడు. మందు ఆపాక కొన్నాళ్ళకి మళ్ళీ మామూలే. ఇందులో ఉప్పునీళ్ళ గుంపు లేదు. దీన్ని వైద్యంగా వాడొద్దని వాళ్ళే రాశారు. ఊహ తప్పో ఒప్పో, ఆవిడ అడిగిన ప్రశ్న పద్ధతైన ప్రశ్న. తరవాతి పాతికేళ్ళ పరిశోధన చాలావరకు ఆ ప్రశ్నకి కొనసాగింపే.

ఆ పాతికేళ్ళలో ఎలుకలు రంగంలోకి దిగాయి. 2013లో కాల్‌టెక్‌లో సార్కిస్ మజ్మేనియన్ బృందం ఒక రకం బ్యాక్టీరియా తినిపించి ఎలుకల ప్రవర్తన మార్చామంది. 2019లో అదే ల్యాబు, ఆటిజం ఉన్న మనుషుల మలంలోని బ్యాక్టీరియాని ఏ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కిస్తే వాటి పిల్లల్లో ఆటిజం లాంటి లక్షణాలు కనిపించాయంది. పేపర్లన్నీ మోగిపోయాయి. కానీ లెక్కలు తెలిసినవాళ్ళు ఒక తప్పు పట్టుకున్నారు. మలం ఇచ్చిన మనుషులు కొద్దిమందే, ఎలుకపిల్లలు మాత్రం బోలెడు. ఒకే మనిషి బ్యాక్టీరియా ఎక్కిన ఎలుకపిల్లల్ని వేటికవే వేరు వేరు సాక్ష్యాలుగా లెక్కేశారు. ఒక్క సర్వర్ నుంచి యాభై లాగ్ లైన్లు తీసి, యాభై సర్వర్లు చూశాం అన్నట్టు. లెక్క సరిచేసి చూస్తే బలం చాలా తగ్గిపోతోంది. పైగా ఎలుక గోళీల్ని పొట్టులో పూడ్చిపెడితే దాన్ని ఆటిజం అనడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

ఇంతకీ మా అన్నయ్యకి చెప్పిన ఆ బ్యాక్టీరియా ఎక్కించే వైద్యం అరిజోనా స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. 2017లో పద్దెనిమిది మంది పిల్లలకి ముందు వాంకోమైసిన్ ఇచ్చి, పేగులు కడిగి, తరవాత ఏడెనిమిది వారాలపాటు దాతల బ్యాక్టీరియా ఇచ్చారు. పొట్ట బాధలు 80 శాతం దాకా తగ్గాయి. రెండేళ్ళ తరవాత 2019లో మళ్ళీ చూస్తే ఆటిజం లక్షణాలు కూడా దాదాపు 47 శాతం తగ్గాయన్నారు. నాకూ చదువుతుంటే ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. కానీ పోల్చడానికి వేరే గుంపు లేదు. ఏమిస్తున్నారో ఇంట్లో అందరికీ తెలుసు. అంటే 1999కి ముందు సెక్రెటిన్ ఎక్కడుందో ఇదీ అక్కడే ఉంది. ఇక అదే 2019 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. సరిగ్గా పరీక్షించని దాత నుంచి మందులకి లొంగని ఈ కోలై ఎక్కి ఇద్దరు జబ్బుపడితే ఒకరు చనిపోయారు. వాళ్ళు అసలే రోగనిరోధక శక్తి తక్కువున్న పెద్దవాళ్ళు, నిజమే. అయినా వేరే దేశంలో, ఎవరి మలమో, ఎవరు పరీక్షించారో తెలియని చోట నాలుగేళ్ళ పిల్లాడికా?

2021లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ నుంచి వచ్చిన అధ్యయనం నా మట్టుకు నాకు ఈ కథలో మలుపు. 247 మంది పిల్లలు. ఆటిజం ఉన్నవాళ్ళు, వాళ్ళ తోబుట్టువులు, బయటివాళ్ళు. ఆటిజానికీ పేగుల బ్యాక్టీరియాకీ నేరుగా ఉన్న సంబంధం దాదాపు ఏమీ లేదని తేలింది. మరి తేడాలు ఎక్కణ్ణుంచొస్తున్నాయి? తిండి నుంచి. ఆటిజం ఉన్న పిల్లలు రుచీ, వాసనా, మెత్తదనం నచ్చక చాలా తక్కువ రకాలు తింటారు. తక్కువ రకాలు తింటే పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గుతాయి. బాణం గుర్తు తిరగబడిందన్నమాట. పేగుల వల్ల ఆటిజం కాదు, ఆటిజం వల్ల తిండి, తిండి వల్ల పేగులు. కానర్ రాసిన ఆ తినని పిల్లల్ని మళ్ళీ గుర్తుచేసుకోండి.

కథ అయిపోలేదు. 2024లో హాంగ్‌కాంగ్ వాళ్ళు 1,627 మంది పిల్లల్ని చూసి, మలంలోని సూక్ష్మజీవుల గుర్తులతో ఆటిజాన్ని పోల్చుకోవచ్చన్నారు. గుర్తుపట్టడం వేరు, కారణం వేరు అన్నది అక్కడా అలాగే ఉంది. 2025 చివర్లో కెవిన్ మిచెల్, డారెన్ డాలీ, డొరొతీ బిషప్ ముగ్గురూ కలిసి ఈ సాహిత్యమంతా, మనుషులదీ ఎలుకలదీ వైద్య పరీక్షలదీ, జల్లెడపట్టి, కారణమని చెప్పడానికి ఆధారం లేదని గట్టిగానే రాశారు.

అలాగని పొట్ట బాధ ఊహ కాదు. 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆటిజం ఉన్న పిల్లల్లో పొట్ట సమస్యలు మిగతావాళ్ళకన్నా నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. మాటలు రాని పిల్లాడు కడుపునొప్పిని ఎలా చెబుతాడు? తల గోడకేసి కొట్టుకుంటాడు, రాత్రంతా ఏడుస్తాడు. అది ఆటిజంలో భాగమే అని వదిలేస్తే ఆ నొప్పికి మందే పడదు.

ఇదంతా అన్నయ్యకి ఓ గంటసేపు చెప్పాను. వాడికి ఎన్నాళ్ళకోసారి విరేచనమవుతోందని అడిగితే అవతల కాసేపు మాటల్లేవు. నాలుగైదు రోజులకోసారట. ఆ సంగతి డాక్టరుకి విడిగా ఎప్పుడూ చెప్పలేదట, ఆటిజం అన్నాక ఇదో లెక్కా అనుకున్నారు. అప్పుడు వదిన ఫోన్ తీసుకుంది.

"పెరుగు మానేశాక వారంపాటు వాడు నా కళ్ళలోకి చూశాడు. అది కూడా అబద్ధమంటావా?"

"అబద్ధం కాదు వదినా, చూసే ఉంటాడు" అన్నాను. పెరుగు వల్ల చూశాడా అన్నది వేరే ప్రశ్న. కానీ ఆ మాట ఆవిడతో అనడానికి నాకు నోరు రాలేదు. 69 శాతం అంటే ఎవరో అప్పుడర్థమైంది.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేశారు. పిల్లల పొట్ట డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళారట, మలబద్ధకానికి మామూలు మందే ఇచ్చారు. రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. ఈ రెండు నెలల్లో కేజీ తగ్గాడని డాక్టరు కేకలేస్తే పెరుగు మళ్ళీ మొదలుపెట్టారు. మాటలు మాత్రం అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే. ఆ వేరే దేశం ఆయన ఇంకా ఫోన్లు చేస్తున్నాడట. అన్నయ్య ఆయన్ని ఒక్కటే అడిగాడు, ఉప్పునీళ్ళ గుంపు ఉందా అని. మాట దాటేశాడట. వెనకాల వాడు కంచంలో పెరుగన్నం వేళ్ళతో చదును చేసుకుంటూ కూర్చున్నాడు, మా వైపు చూడకుండా.